పరిశోధకులకు కొన్ని తలకిందుల సలహాలు

యూనివర్సిటీలో అడుగుపెట్టిన రీసెర్చి స్కాలరుకి అందరూ ఒకే రకం సలహాలు చెబుతారు. టాపిక్ తేలికైనది చూసుకో, నీ సబ్జెక్టు గీత దాటకు, దేనికి పనికొస్తుందో ముందే రాసిపెట్టుకో, గడువులోగా సబ్మిట్ చేసి బయటపడు. ఇంట్లోవాళ్లు చెప్పేదీ, సీనియర్లు చెప్పేదీ ఇదే. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం వస్తే చాలనుకునేవాళ్లకి ఈ మాటలు పనికొస్తాయి, కాదనను. పరిశోధనే కావాలని వచ్చినవాళ్లకి మాత్రం వీటికి ఎదురు చెప్పాలనిపిస్తుంది. నేను చెప్పబోయేవి వినగానే తప్పుడు సలహాల్లాగే ఉంటాయి. మీ గైడుకి నచ్చకపోవచ్చు, మీ నాన్నగారికి అసలే నచ్చవు. కానీ చరిత్రలో, సైన్సులో, ఇంజినీరింగులో, ఆటల్లో కాలానికి నిలిచిన పనుల్ని వరసగా చూసుకుంటూ పోతే, వాటిని చేసినవాళ్లు చాలామంది ఇలాగే నడిచారని తెలుస్తుంది. ఒక శాఖలో మొదలైన పని ఇంకో శాఖలో ఫలించింది. గోడలు కట్టుకుని కూర్చున్నవాళ్లకి ఆ ఫలం దక్కలేదు.

పెద్ద ప్రశ్న జోలికి పోకండి. ఒక్క వస్తువుని కొలవడం నేర్చుకోండి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని రోజుల తేడాతో పొట్టనపెట్టుకుంది. అలాంటి మనిషి 1923లో బోస్టన్ చేరినప్పుడు ఆయన మనసులో ఎంత పెద్ద ప్రశ్నలుండి ఉంటాయో ఊహించుకోవచ్చు. చేతికి దొరికిన పని మాత్రం చాలా చిన్నది. హార్వర్డు మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్ దగ్గర, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి తయారుచెయ్యాలి. అంతే. రాత్రిళ్లు ఆస్పత్రిలో పోర్టరు పని, పగలు ఈ ఫాస్ఫరస్ కొలత.

పద్ధతి చెబితే ఇంటర్ పిల్లలకి కూడా అర్థమవుతుంది. ఫాస్ఫేటు ఉన్న ద్రావణంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేటు కలుపుతారు. దానికి ఒక క్షయకరణ ద్రవ్యం చేర్చగానే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. తెలిసిన కొలతతో చేసిన నీలాన్ని పక్కన పెట్టుకుని పోల్చి లెక్క కడతారు. 1925లో ఫిస్క్, సుబ్బారావు ఈ పద్ధతిని ప్రచురించారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించిన పత్రాల్లో అది ఒకటయింది. మన దగ్గర బయోకెమిస్ట్రీ చదివిన వాళ్లెవరినైనా అడగండి, ఫిస్క్-సుబ్బారావు మెథడ్ పేరు వినని వాళ్లుండరు. ఆ రెండో పేరు మన భీమవరం మనిషిదని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఆ సంగతి తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. అదే పద్ధతిని కండరం నుంచి తీసిన రసం మీద ప్రయోగిస్తే రంగు మామూలుగా రాలేదు. మిగతా ద్రావణాల్లో నీలం త్వరగా వచ్చి స్థిరపడేది. కండరం రసంలో మాత్రం మెల్లిగా మొదలై, చూస్తుండగా చిక్కబడుతూ పోయింది. ఇలాంటిది కనబడితే మనం ఏం చేస్తాం? రసాయనం పాతబడిందనో, పరీక్షనాళిక సరిగ్గా కడగలేదనో అనుకుని పారబోసి మళ్లీ మొదలుపెడతాం. రికార్డు బుక్కులో అందంగా ఉన్న రీడింగే రాస్తాం. ఇక్కడే నా రెండో సలహా: రీడింగు తేడాగా వస్తే దాన్ని సరిచెయ్యకండి. ఆ తేడా దగ్గరే కూర్చోండి. వాళ్లిద్దరూ కూర్చున్నారు. కండరంలో ఫాస్ఫేటు ఇంకో పదార్థంతో జతకట్టి ఉందనీ, ఆమ్లం తగిలేసరికి ఆ జత నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేటు బయటికొస్తోందనీ, అందుకే నీలం అంతకంతకూ పెరుగుతోందనీ తేల్చారు. ఆ జతే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పేరుకుంటుంది. 1927లో ఈ సంగతి లోకానికి చెప్పారు. ఇంచుమించు అదే సమయంలో లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థాన్ని వేరే దారిలో పట్టుకున్నారు. 1929కల్లా ఫిస్క్, సుబ్బారావులు కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీ దాకా వెళ్లారు. జర్మనీలో లోమన్ కూడా ఆ ఏడే దాన్ని కనుక్కున్నారు.

ఇప్పుడు ఈ ఫాస్ఫోక్రియాటిన్ ఆటస్థలంలోకి ఎలా వచ్చిందో చూడండి. అప్పటికి కండరాల శాస్త్రంలో పెద్దపేరు ఏ.వి.హిల్. కండరం సంకోచించడానికి మూలం లాక్టిక్ ఆమ్లమనే సిద్ధాంతం రాజ్యమేలుతున్న రోజులు. ఆ రంగంలో చేసిన కృషికి హిల్‌కీ, మయర్‌హాఫ్‌కీ 1922 నోబెల్ బహుమతి వచ్చింది. హిల్ స్వయంగా పరుగు మీద మమకారం ఉన్న మనిషి. అమెరికాలో పరుగుపందెగాళ్ల ఒంటికి అయస్కాంతం కట్టి, ట్రాక్ పక్కన తీగచుట్టలు నిలబెట్టి, ఎవరు ఏ చోట ఎంత వేగంతో పోతున్నారో కొలిచాడు. ఎలక్ట్రానిక్ గడియారాలు లేని రోజుల్లో అది! 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ ఒక విషంతో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం సంకోచిస్తూనే ఉందని చూపించాడు. ఆ సంకోచానికి శక్తినిస్తున్నది ఫాస్ఫోక్రియాటిన్. పాత సిద్ధాంతం పడిపోయింది. హిల్ దానికి అడ్డుపడలేదు. కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని 1932లో తానే రాశాడు. తన సిద్ధాంతం కూలినప్పుడు అలా రాయగలిగిన మనిషిని చూసి ప్రతి ప్రొఫెసరూ నేర్చుకోవాలి.

వందమీటర్ల పరుగులో తుపాకీ పేలగానే మొదటి కొన్ని సెకన్లు కాళ్లని నడిపించేది ప్రధానంగా ఈ ఫాస్ఫోక్రియాటినే. 1992లో రోజర్ హారిస్ బృందం క్రియాటిన్ తింటే కండరాల్లో దాని నిల్వ పెరుగుతుందని చూపించింది. అప్పట్నుంచీ అది ఆటగాళ్ల డబ్బాల్లోకి వచ్చింది. ఈవేళ విజయవాడ జిమ్ముల్లో, కూకట్‌పల్లి జిమ్ముల్లో కుర్రాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే తెల్లపొడి కథ, మూత్రంలో ఫాస్ఫరస్ కొలవాలన్న ఓ చిన్న పని దగ్గర మొదలైంది. 1923లో ఎవరైనా సుబ్బారావుగారిని "దీనివల్ల ఒలింపిక్సుకి ఏం లాభం?" అని అడిగుంటే ఆయన దగ్గర జవాబుండేది కాదు.

హార్వర్డు ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలు జబ్బుకి హెట్రజాన్, కేన్సరుకి వాడే మెథోట్రెక్సేట్ - ఇవన్నీ అక్కడ ఆయన నడిపించిన బృందాల కృషి. కానీ ఆ కొలతే పునాది అని నా నమ్మకం. కొలవడం వచ్చినవాడు ఏ గదిలోకైనా వెళ్లి పనిచెయ్యగలడు.

మీది కాని శాఖలో దూరండి.

ఇది చెబితే అందరూ వారిస్తారు. సబ్జెక్టు మారితే ఇంటర్వ్యూలో అడుగుతారని, నెట్ రాయడానికి కుదరదని, రెంటికీ చెడ్డ రేవడి అవుతావని. సి.ఆర్.రావుగారి జీవితం చదవండి, ఆ భయం పోతుంది.

కల్యంపూడి రాధాకృష్ణారావు విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో చదివారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎమ్మే ఫస్టుగా ప్యాసయ్యారు. అయినా ఉద్యోగం లేదు. మిలిటరీ సర్వే విభాగంలో లెక్కల మనిషి కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. వయసు చాలదన్నారు. బస చేసిన చోట పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానన్నాడు. రావుగారు వెళ్లి చూశారు, 1941 జనవరిలో అందులో చేరారు. మన దేశంలో చాలామంది అప్పటికి గణాంక శాస్త్రం పేరే వినలేదు.

1946లో ఆయన్ని కేంబ్రిడ్జికి పంపించారు. ఏ పని మీద? ఎముకలు కొలవడానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా దగ్గర హెన్రీ వెల్కమ్ అనే మందుల కంపెనీ యజమాని 1910 నుంచి 1914 దాకా తవ్వకాలు జరిపించాడు. అక్కడి శ్మశానాల్లో బయటపడిన అస్థిపంజరాలు కేంబ్రిడ్జి మ్యూజియంలో పడి ఉన్నాయి. అనేకం విరిగి, శిథిలమైపోయినవి. ఒక పుర్రెకి దవడ లేదు, ఇంకో దానికి నుదురు లేదు. వీటినుంచి ఆ మనుషులెవరో, ఎవరికి దగ్గరివాళ్లో చెప్పాలి. రావుగారి చేతిలో ఉన్న సాధనం మహలనబిస్ దూరం. రెండు గుంపుల మధ్య ఎత్తు, వెడల్పు, పొడవు లాంటి అనేక కొలతల్ని కలిపి, వాటిలో వాటికున్న సంబంధాల్ని కూడా లెక్కలోకి తీసుకుని, గుంపుల మధ్య ఎంత దూరముందో ఒక్క సంఖ్యలో చెప్పే పద్ధతి అది. ఆ ఎముకలతో కుస్తీ పడుతూనే ఆయన బహుచర గణాంక పద్ధతుల్ని ముందుకు తీసుకెళ్లారు. మరోపక్క గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర ఎలుకల జన్యువుల మీద పనిచేశారు. 1948లో డాక్టరేటు. ఎముకల పుస్తకం 1955లో వచ్చింది.

మనుషుల పుర్రెలు కొలిచే అలవాటుని వలస ప్రభుత్వాల కాలంలో ఎంత చెడ్డ ఉద్దేశాలకి వాడారో మనకు తెలుసు. జాతుల్ని పైనా కిందా అని వర్గీకరించడానికి వాడారు. అది క్షమించరాని పని. అయితే ఆ కొలతల నుంచి పుట్టిన గణితం అక్కడ ఆగిపోలేదు. ఉపగ్రహ చిత్రంలో ఏది పొలం, ఏది చెరువు అని విడదీసే ప్రోగ్రాముల్లో, బ్యాంకు లావాదేవీల్లో తేడాగా ఉన్నదాన్ని పసిగట్టే ప్రోగ్రాముల్లో మహలనబిస్ దూరం వాడుతున్నారు.

రావుగారి గురువు ఫిషర్ పద్ధతి కూడా పొలంలో నుంచి వచ్చిందే. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో ఏ మడికి ఏ ఎరువు వెయ్యాలో చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించాలని పట్టుబట్టాడు. అదే ఆలోచన, క్షయకి స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి చూసి 1948లో ఫలితాలు ప్రచురించిన బ్రిటిష్ పరీక్షలో మనుషుల మీదికి వచ్చింది. ఈరోజు మీరు వేసుకునే కొత్త మందు దాదాపు ఏదైనా, గోధుమ మళ్ల దగ్గర పుట్టిన ఆ పద్ధతిలో పరీక్షకి నిలిచి వచ్చిందే.

రావుగారు 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఏడాది ఆయనకి గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అందులో ప్రధానంగా పేర్కొన్న పని 1945లో, పాతికేళ్ల వయసులో రాసిన ఒక పత్రం. తొందరపడేవాళ్లకి ఈ తేదీలు చూపిస్తుంటాను.

కొత్తది చెయ్యాలంటే పాతది తవ్వండి.

ఇంజినీరింగు పిల్లలు దీన్ని అసలు ఒప్పుకోరు. పోయిన ఏడాది పేపరే పాతబడిందంటారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. రాతినేల దొరకని ఇసుక మీద, అంత వెడల్పున్న నది మీద ఆనకట్ట నిలుస్తుందన్న ధైర్యం ఆర్థర్ కాటన్‌కి ఎక్కణ్ణుంచి వచ్చింది? అంతకుముందు ఆయన కావేరి మీద పనిచేశాడు. అక్కడ చోళుల కాలం నాటి కల్లణైని చూశాడు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఆ పాత కట్ట కట్టినవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని తర్వాత తనే రాశాడు. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహానికి దండ వేసేటప్పుడు, పేరు తెలియని ఆ చోళ మేస్త్రీలకి కూడా మనసులో ఒక నమస్కారం పెట్టాలి.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి ఇంకా గట్టిది. ఆ ఊళ్లో మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డవాటి కోసం ఆ ఉక్కుని కొనడానికి పర్షియా వ్యాపారులు అంతదూరం నుంచి వచ్చేవారు. మన దేశపు ఈ ఉక్కే లండన్‌లో మైకేల్ ఫారడేని పట్టుకుంది. కమ్మరి కొడుకైన ఫారడే, కత్తులు చేసే స్టొడార్ట్‌తో కలిసి 1820లోనూ 1822లోనూ ఉక్కు మిశ్రమాల మీద పత్రాలు రాశాడు. భారతదేశపు ఉక్కుని ఎలా చేశారో తెలుసుకోబోయి, ఉక్కులో ప్లాటినం, వెండి లాంటివి కలిపి చూడ్డం మొదలుపెట్టాడు. మిశ్రమ ఉక్కుల మీద పద్ధతిగా చేసిన తొలి పరిశోధనల్లో అది చేరింది. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో కార్బన్ నానో గొట్టాలున్నాయని ప్రచురించారు. చరిత్ర వాళ్లు ఊళ్లో మూస పెంకులు ఏరకపోతే, మెటలర్జీ వాళ్లు వాటిని ల్యాబులో పెట్టకపోతే ఈ కథ సగమే తెలిసేది. నా దృష్టిలో తెలంగాణలో ప్రతి మెటలర్జీ విద్యార్థీ ఒకసారైనా కోనసముద్రం వెళ్లి రావాలి. సిలబస్‌లో లేకపోయినా సరే.

ఆటల మీద, పాటల మీద టైము ఖర్చుపెట్టండి.

చదువుకునే పిల్లల్ని ఆటల్లో పడొద్దంటాం. పరిశోధకుణ్ణి అయితే పడమంటాను. సురవరం ప్రతాపరెడ్డిగారు రాజుల చరిత్రతో తృప్తిపడలేదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ జూదమాడారు, ఏ పందేలు కాశారు - ఇవి కావాలనుకున్నారు. శాసనాల్లో ఇవన్నీ దొరకవు. అందుకని కావ్యాలు పట్టుకున్నారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో కోడిపందేలు, పొట్టేళ్ల పోరాటాలు ఉన్నాయి. హంసవింశతిలో పిల్లల ఆటల జాబితాలే ఉన్నాయి. పండితులు ఛందస్సు కోసం, అలంకారాల కోసం చదివిన పద్యాల్ని ఆయన సాక్ష్యాల కోసం చదివారు. 1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కి తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దక్కింది. ఆయన లా చదివి గోలకొండ పత్రిక నడిపిన మనిషి. యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసరు కాదు.

సి.వి.రామన్ కూడా ఉద్యోగరీత్యా మొదట ఆర్థిక శాఖ అధికారి. విశాఖ ఏవీఎన్ కాలేజీలో ఆయన తండ్రి అధ్యాపకుడు, తనూ అక్కడే చదివాడు. కలకత్తాలో పగలు లెక్కల ఆఫీసు, సాయంత్రం బౌబజార్ వీధిలోని ల్యాబు. అక్కడ ఆయన్ని పట్టి కూర్చోబెట్టిన వాటిలో వయొలిన్, వీణ, మృదంగం ఉన్నాయి. మామూలు డోలు చర్మం కొడితే వచ్చే పైస్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే అది చప్పుడుగా వినిపిస్తుంది. మృదంగం కుడివైపు మధ్యలో నల్లటి పూత వేస్తారు కదా, ఆ బరువు వల్ల పైస్వరాలు శ్రుతిలోకి వస్తాయని 1920లో కుమార్‌తో కలిసి ప్రచురించాడు. తర్వాత చర్మం మీద సన్నటి ఇసుక చల్లి, కొట్టినప్పుడు ఇసుక ఏ గీతల వెంట నిలబడుతుందో చూపించాడు. పొర పొరగా ఆ పూత వేసి, రాయితో రుద్ది, వేలితో తట్టి విని, మళ్లీ వేసే పనివాళ్లకి ఈ సంగతి చేతివేళ్లకి తెలుసు. రామన్ దాన్ని కాగితం మీదికి తెచ్చాడు. నోబెల్ తెచ్చిన 1928 నాటి ఆవిష్కరణకి ముందు ఇన్నేళ్లు వాద్యాల మీద గడిపిన మనిషిని ఎవరూ టైము వేస్టు చేశాడనలేరు.

క్రికెట్‌లో వాన పడితే లక్ష్యం మార్చే లెక్క ఇద్దరు గణాంక నిపుణులది. 1992 ప్రపంచకప్ సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాకి 13 బంతుల్లో 22 కావాల్సి ఉండగా వాన వచ్చి, చివరికి ఒక్క బంతికి 21 మిగిలింది. ఆ అన్యాయం చూశాక కొత్త లెక్క కోసం వెతుకులాట పెరిగింది. డక్‌వర్త్, లూయిస్ చేసిన పద్ధతిని 1997 జనవరి 1న హరారేలో తొలిసారి వాడారు. డక్‌వర్త్ అణువిద్యుత్ రంగంలో ఉద్యోగం చేసినవాడు. మిగిలిన ఓవర్లూ, చేతిలో ఉన్న వికెట్లూ కలిపి ఒక వనరుగా చూడాలన్న చిన్న ఆలోచనే దాని ప్రాణం.

మీ కళ్లని నమ్మకండి.

"నా కళ్లతో నేను చూశాను" అన్న మాటని మనం చివరి సాక్ష్యంగా తీసుకుంటాం. 1995 డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో అంపైర్ డారెల్ హెయిర్ ముత్తయ్య మురళీధరన్ బంతుల్ని విసురుతున్నాడని వరసపెట్టి నోబాల్ అన్నాడు. మైదానంలో ఉన్నవాళ్లు, టీవీ ముందున్నవాళ్లు చాలామంది అదే చూశామన్నారు. తర్వాత యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో అతని చేతికి గుర్తులు అంటించి, అనేక కెమెరాలతో తీసి, మోచేయి కోణాన్ని లెక్కగట్టారు. అతని మోచేయి పుట్టుకతోనే పూర్తిగా నిటారుగా సాగదు. వంగిన చెయ్యి తిరుగుతుంటే, పక్కనుంచి చూసే కంటికి అది విసిరినట్టే కనిపిస్తుంది.

అసలు సంచలనం అక్కడ లేదు. తర్వాత 2004లో మిగతా బౌలర్లని కూడా అలాగే కొలిస్తే, ఎవరూ అనుమానించని, పాఠ్యపుస్తకాల్లో పెట్టదగ్గ యాక్షన్ ఉన్నవాళ్ల మోచేయి కూడా ఎంతో కొంత నిటారవుతోందని తేలింది. మోచేయి అసలు నిటారు కాకూడదన్న పాత నిబంధన ప్రకారమైతే దాదాపు అందరూ దోషులే. అందుకే 2005 నుంచి 15 డిగ్రీల హద్దు పెట్టారు. ఆ హద్దు మురళీ కోసమే పెట్టారని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అందరి చేతుల్నీ కొలిచాక వచ్చిన నిబంధన అది. ఒక్కడి మీద కేసు విచారించబోతే ఆట మొత్తాన్ని కొలవాల్సి వచ్చింది, మేలే జరిగింది. మీ పరిశోధనలో ఒకడి మీద, ఒక కులం మీద, ఒక ఊరి మీద అనుమానం వస్తే, అదే కొలతని మిగతా అందరికీ పెట్టి చూడండి. ఆ తర్వాతే నోరు విప్పండి.

మీ జన్మలో పూర్తికాని పని మొదలుపెట్టండి.

గడువులోగా సబ్మిట్ చెయ్యమనే సలహాకి ఇది నేరుగా ఎదురు. మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞానసర్వస్వం రాయాలనుకున్నారు. అకారాదిగా ప్రపంచ విషయాలన్నీ. ఖగోళం, వైద్యం, శాసనాలు, గణితం, ఏదీ వదలకుండా. 1923లో ఆయన పోయేనాటికి మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ 'అ' అక్షరంలోనే. ఆయనకి అప్పటికి 46 ఏళ్లు.

దీన్ని వైఫల్యమని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ పనిలో ఆయన చేతికింద తయారైన వాళ్లలో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఉన్నారు. శాసనాలు చదవడంలో ఆరితేరి, కాకతీయుల తర్వాతి చీకటి దశాబ్దాల మీద 1945లో ఒక పుస్తకం, రెడ్డిరాజ్యాల మీద 1948లో ఇంకో పుస్తకం రాశారు. ఇప్పటికీ ఆ కాలం మీద పనిచేసేవాళ్లు ఆయన్ని దాటి వెళ్లలేరు. 'అ' దగ్గర ఆగిన పుస్తకం మనుషుల్ని తయారుచేసింది. మూడేళ్లలో ముగించగల టాపిక్ కోసం వెతికే స్కాలర్లు, ముప్ఫై ఏళ్లకీ ముగియని ఒక టాపిక్ కూడా పక్కన పెట్టుకోండి. మొదటిది డిగ్రీ ఇస్తుంది. రెండోది మిమ్మల్ని తర్వాత కూడా చదివిస్తుంది.

ల్యాబు తలుపు తెరిచి ఉంచమని కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో కలాంగారి క్షిపణి ల్యాబుకి నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు వచ్చి, అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశాడు. కలాంగారిని ఆస్పత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకి పైగా బరువున్న ఇనుప పట్టీలతో కాళ్లీడ్చుకుంటున్న పోలియో పిల్లల్ని చూపించాడు. కొద్ది వారాల్లో 300 గ్రాముల పట్టీలు తయారయ్యాయి. తన జీవితంలో ఎంతో తృప్తినిచ్చిన పనుల్లో ఒకటిగా కలాంగారు దీన్ని పదేపదే చెప్పుకున్నారు. ఆరోజు గేటు దగ్గర ఆ డాక్టర్ని ఆపి ఉంటే ఆ పిల్లల కాళ్లు అలాగే ఉండేవి.

ఇక చివరగా, యూనివర్సిటీతో సంబంధం లేని పాఠకులకి ఒక మనవి. పరిశోధనకి ముడిసరుకు మీ ఇళ్లలో, మీ ఊళ్లో ఉంది, అది రోజూ పోతోంది. జిల్లా కబడ్డీ పోటీల స్కోరు పుస్తకాలు, ఊరి క్రికెట్ టీము లెక్కల నోటుబుక్కు, కాలవ లస్కరు నీటిమట్టం రాసుకున్న రిజిస్టరు, కమ్మరి కొలిమిలో మిగిలిన పాత పనిముట్లు, నాయనమ్మకి తెలిసిన ఆటల పాటలు, తాతగారు ఏ ఏడు ఎన్ని బస్తాలు పండాయో రాసుకున్న చిట్టాలు - ఇవేవీ ఏ ఆర్కైవ్సులోనూ లేవు. సురవరంవారికి కావ్యాలైనా దొరికాయి. మన కాలపు ఆటల మీద, నీళ్ల మీద, పంటల మీద రేపు రాయబోయేవాళ్లకి ఇవి కాకపోతే ఇంకేవీ దొరకవు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపండి. చెత్త అని అమ్మేయకముందు ప్రతి పేజీ ఫోనుతో ఫొటో తీయండి, ఒక కాపీ జిల్లా గ్రంథాలయానికో, దగ్గర్లోని కాలేజీ చరిత్ర శాఖకో ఇవ్వండి. ఫొటోతోపాటు ఊరి పేరు, తేదీ, అది ఎవరిదో తప్పకుండా రాయండి.